తగ్గించిన అణాకు లెక్క

చలనచిత్రమును జూచుట మన తల్లుల కాలమున నొక చిన్న ప్రయాణము. వంట ముందుగా ముగించుకొని, పసిపిల్లల నెత్తుకొని, పొరుగింటివారిని తోడు దీసికొని, టిక్కెట్ల వరుసలో నిలిచి, మూడు గంటలు చీకటిలో గూర్చుండి, తిరిగి వచ్చు త్రోవ పొడుగునను ఆ కథనే చెప్పుకొనుచు వచ్చెడివారు. ఇప్పుడు మనము చిత్రమునొద్దకు బోవ నక్కఱలేదు. చిత్రమే మన గడప దాటి లోనికి వచ్చినది. గోడమీది టీవీలోను, చేతిలోని ఫోనులోను, కోరిన గడియకు కోరిన చిత్రము దొరకుచున్నది. ఇది సౌకర్యమే. కాని త్రోవ పొడుగున చెప్పుకొనిన యా మాట మాత్రము మన యిండ్లలో తఱిగిపోయినది. దాని స్థానమున నొక యంకె వచ్చి కూర్చున్నది. “ఎట్లున్నది?” అని యడిగినచో “మూడున్నర” అని జవాబు. “చూడదగినదేనా?” యనినచో “పదింటికి ఎనిమిది వచ్చినవి” అని జవాబు. ఆ మూడున్నర యెవరిది, ఆ యెనిమిది యెందులకు వచ్చినవి, తగ్గిన రెండును ఎక్కడ తగ్గినవి యని యడుగువారు లేరు. నేనీ వ్యాసమున జెప్పదలచినది ఆ తగ్గినవానిని గూర్చియే.

నా పుట్టినిల్లు తాండూరు, మెట్టినిల్లు వికారాబాదు. రెండును ఒకే రైలుదారిమీది యూళ్లు. 2016వ సంవత్సరమున రంగారెడ్డి జిల్లానుండి వేఱుపడి యేర్పడిన వికారాబాదు జిల్లాలోనివే. వికారాబాదునకు అనంతగిరి కొండలును, అందు బుట్టిన మూసీనదియు ప్రసిద్ధి. తాండూరునకు నాపరాయియు, 2022లో భౌగోళిక గుర్తింపు బడసిన కందులును ప్రసిద్ధి. కర్ణాటకపు సరిహద్దు దగ్గఱ యగుటచే తాండూరులో నొకే వీథియందు తెలుగు, కన్నడము, ఉర్దూ, లంబాడీ వినబడును. ఒకే కథను నలువురు నాలుగు విధములుగా జెప్పుకొనుట వినుచు బెరిగినదానను. మా వారు ఉపాధ్యాయులు. మా యత్తగారు డెబ్బది యేండ్లు దాటినవారు. మా యమ్మాయి డిగ్రీ మొదటి సంవత్సరమును, అబ్బాయి తొమ్మిదవ తరగతియు చదువుచున్నారు. ఈ మధ్య కొన్ని మాసములుగా మేమైదుగురమును శనివారపు రాత్రులందు ఇంట గూర్చుండి చూచిన చిత్రములను, వానికి మేమిచ్చుకొనిన విలువలను సోదరీమణుల యెదుట నుంచుచున్నాను.

తెరబొమ్మ యింటిలోనికి వచ్చుట నేటి మాట కాదు. హైదరాబాదు దూరదర్శన కేంద్రము 1977లో వెలసినది. అప్పట్లో టీవీ గల యొక్క యింట వాడయంతయు జేరి చాపలమీద గూర్చుండి చూచెడివారు. 1980వ సంవత్సరము తరువాత వీడియో క్యాసెట్లు అద్దెకు దొరకెను. 1995లో జెమిని, ఈటీవీ మొదలగు తెలుగు చానళ్లు వచ్చిన పిమ్మట ఎవరి యింట వారు చూచుకొనిరి. 2020 మార్చిలో కరోనా వ్యాధి వలన సినిమాశాలలు మూతపడగా, చిత్రములు ఫోనులోనికి దిగివచ్చెను. తెలుగునకే ప్రత్యేకమైన ‘ఆహా’ యును ఆ సంవత్సరమే పుట్టినది. ఇట్లు తెర చిన్నదైన కొలదియు చూచువారి గుంపును చిన్నదైనది. మొదట వాడ, పిదప ఇల్లు, ఇప్పుడు ఒక్కరు. ఒంటరిగా జూచినవానికి మాటలాడుకొనుటకు మనుష్యుడు లేడు. అందుచేతనే యతడు అంకెను నమ్ముకొనుచున్నాడని నాకు దోచుచున్నది.

ఈ యంకెలు ఏమేమియో గృహిణులకు తెలిసియుండుట మంచిది. ఐఎండీబీ యను చోట గనబడు అంకె, చూచినవారు 1 మొదలు 10 వఱకు ఇచ్చిన మార్కులను గలిపి తీసిన సగటు. పత్రికలలో విమర్శకుడిచ్చు నక్షత్రములు ఒక్క మనుష్యుని యభిప్రాయము. నెట్‌ఫ్లిక్సువారు 2017లో నక్షత్రములను తీసివేసి బొటనవ్రేలి గుర్తును బెట్టిరి. అప్పట్లో ఇష్టమా, అయిష్టమా యనునదే మిగిలెను. వీనిలో నేదియు మన యింట నెవరు కూర్చుండి చూచుచున్నారో యెఱుగదు.

మనకు మిక్కిలి యక్కఱకు వచ్చునది వేఱొక గుర్తు. దానిని మనము తఱచుగా చూడనే చూడము. సినిమాశాలలో విడుదలయగు చిత్రమునకు సెన్సారు సంఘమువారు ‘యు’, ‘యుఏ’, ‘ఏ’ యను గుర్తులిత్తురు. 2023లో చట్టము సవరింపబడి, ‘యుఏ’ యను దానిని ఏడేండ్లు, పదుమూడేండ్లు, పదునాఱేండ్లు పైబడినవారికని మూడు విధములుగా విభజించిరి. ఇంట చూచు చిత్రములకును కథామాలికలకును 2021 నాటి నిబంధనల ప్రకారము అవి చూపు సంస్థలే యిట్టి వయస్సు గుర్తును, హింస, దుర్భాష మొదలగునవి యున్నచో నా మాటను తెరమీద చూపవలయును. ఇది చిత్రము మంచిదనియు జెప్పదు, చెడ్డదనియు జెప్పదు. ఎవరికి తగినదో మాత్రమే చెప్పును. చిత్రము మొదలగునప్పుడు మూలను క్షణకాలము గనబడు నా గుర్తును చదువుట పిల్లలుగల తల్లి చేయవలసిన మొదటి పని. విలువ కట్టుట రెండవ పని. ఆ రెండవదానిని ఎవరికిని అప్పగింపవలదు.

విలువ కట్టు పద్ధతి మా యింట మా యత్తగారు పెట్టినది. ఆమె కందుల బేరము చేయు యింట బుట్టిన మనిషి. 1957లో నయాపైసలు వచ్చి అణాలు పోయినను, ఆమె నోట రూపాయకు నేటికిని పదునాఱణాలే. పిల్లలు ఒకనాడు ఏదో చిత్రమునకు “రెండు నక్షత్రములు” అనుచుండగా విని, ఆమె యిట్లనెను: “తగ్గిచ్చుడు అందరికొస్తది బిడ్డా. కందులు మంచిగలెవ్వు అన్నోడు చారెడు తీసి, ఇగో ఇవి పుచ్చులు, ఇది రాయి అని చూపియ్యాలె. చూపియ్యకుంటే వాని మాట ఎవ్వడు ఇంటడు?” నాటినుండి మా యింట చిత్రమునకు పదునాఱణాలు మొదటనే యిచ్చివేయుదుము. తగ్గింపదలచినవారు ఒక్కొక్క యణాకును లెక్క చెప్పవలెను. లెక్క చెప్పలేనివారి యణా చిత్రమునకే తిరిగి చేరును.

దీనికి ముందొక నియమము పెట్టుకొనవలసి వచ్చినది. ఇంట చిత్రము చూచునప్పుడు ఆడువారు దానిని సగమే చూతురు. మా ప్రాంతమున రాత్రి జొన్నరొట్టెలు చేయుదురు. అవి పెనముమీది వేడిలో తినవలసినవి. అందఱును తెరముందు గూర్చుండగా ఒకతె పొయ్యియొద్ద నిలిచి, చెవితో మాటలు వినుచు, నడుమ వచ్చి “ఏమైనది?” అని యడుగును. “నడుమ నడుగకు” మని పిల్లలు విసుగుకొందురు. కడపట ఆమె యేమైన ననినచో, “నీవు చూడనే లేదు గదా” యందురు. ఇట్లు ఇల్లాలి యభిప్రాయము చెల్లనిదగుచున్నది. సినిమాశాలలో చిత్రము మనకొఱకు ఆగదు. ఇంటనో ఒక్క మీట నొక్కిన ఆగును. ఆ మీట యుండియు నొక్కకపోవుట ఏమి న్యాయము? కావున మా యింట రొట్టెలు ముగిసి, పళ్లెములు కడిగిన పిమ్మటనే చిత్రము మొదలగును. నడుమ నెవరు లేచినను తెర నిలిచియుండును. ఇందువలన శనివారమునాడు నిద్ర కొంత యాలస్యమగుచున్నది గాని, తీర్పు చెప్పువారు ముగ్గురికి మాఱుగా ఐదుగురైరి.

ఇక చూచిన చిత్రములు.

మొదటిది వాహినీవారి ‘మల్లీశ్వరి’, 1951. దర్శకులు బి. ఎన్. రెడ్డిగారు. భానుమతిగారును రామారావుగారును నటించిరి. దేవులపల్లి కృష్ణశాస్త్రిగారు చలనచిత్రమునకు తొలిసారి కలము పట్టినదిదియే; సంగీతము సాలూరి రాజేశ్వరరావుగారిది. మారువేషమున వచ్చిన కృష్ణదేవరాయలు మల్లి యాటపాటలను మెచ్చగా, ఆమె బావ నాగరాజు వేళాకోళమునకు రాయలవారి పల్లకి పంపింపుమనును. పల్లకి నిజముగనే వచ్చును. రాణివాసమున జేరిన పడుచు తిరిగి వెలుపలికి రాజాలదు. మా వారును అత్తగారును పదునాఱణాలును ఇచ్చిరి. నేనొక యణా తగ్గించితిని. నా లెక్క యిది: పల్లకి రాకముందుగాని, వచ్చిన పిమ్మటగాని, “నీకు సమ్మతమా?” యని మల్లి నడిగినవారొక్కరును లేరు. కడపట రాజు కరుణించి విడిచిపెట్టగా మనము సంతోషింతుము. తాళము వేసినవారే దానిని తీసినందుకు దండము పెట్టుట వంటిది. అత్తగారు ఒప్పుకొనలేదు. “రాజుల కాలం గట్లనే ఉండె. సినిమా అబద్ధం చెప్పలే గద బిడ్డా” యనిరి. ఆ వాదమును న్యాయమైనదే. ఐనను నా యణా నాయొద్దనే యుంచుకొంటిని. ఎవరైన నామె నడిగిరా యను నా ప్రశ్న మాత్రము ఆ రాత్రినుండి మా యింట నిలిచిపోయినది.

రెండవది బి. నర్సింగరావుగారి ‘దాసి’, 1988. నిజాము కాలపు తెలంగాణపు గడీలో, దొరసానివెంట అరణముగా వచ్చిన కమలాక్షి యను దాసి కథ. ఉత్తమ నటిగా అర్చనగారికి వచ్చినదానితో గూడ నీ చిత్రమునకు జాతీయ పురస్కారములైదు లభించెను; కళాదర్శకత్వపు పురస్కారము చిత్రకారులు తోట వైకుంఠముగారిది. ఇది చిన్నపిల్లలు చూడదగినది కాదు. అబ్బాయి నిద్రించిన పిమ్మట చూచితిమి. దొర యామెను అనుభవించును. గర్భము రాగా గడీవారే దానిని బలవంతముగా తీయింతురు. మా యమ్మాయి నాలుగణాలు తగ్గించి, “చాల నిదానముగా నడచుచున్నది, ఆమె మాటలాడనే మాటలాడదు” అని లెక్క చెప్పినది. అత్తగారు చాలసేపటివఱకు పలుకలేదు. పిమ్మట, “మాట్లాడనిస్తే గద బిడ్డా మాట్లాడెటిది” అనిరి. అమ్మాయి తన నాలుగణాలును తానే తిరిగి యిచ్చివేసినది. కాని యత్తగారు తామే రెండణాలు తగ్గించిరి. గడీల ముచ్చటలు తమ తల్లి చెప్పగా విని యుండిరట. మరల కన్నులార జూచుటకు మనసొప్పలేదట. చిత్రము బాగుగా లేకపోవుట వేఱు, చూచువారి గుండె ఓర్వకపోవుట వేఱు అని మా వారు వాదించిరి. ఆ రెండణాలు నేటికిని తగవులోనే యున్నవి. ‘మల్లీశ్వరి’కి పిమ్మట వెంటనే ‘దాసి’ని చూచిన వారికి పల్లకియొక్క రెండు ప్రక్కలును గనబడునని నేననుకొనుచున్నాను.

ఇంత బరువైనదానికి పిదప నవ్వుకొనుటకై విజయావారి ‘గుండమ్మ కథ’, 1962, పెట్టితిమి. ఇది 1958 నాటి కన్నడచిత్రము ‘మనె తుంబిద హెణ్ణు’ను బట్టి తీసినది. తాండూరులో మా పొరుగున కన్నడమువారుండుటచే ఈ రెండు కథలను పోల్చి చెప్పుకొనగా చిన్ననాడే వింటిని. రామారావు, నాగేశ్వరరావుగారలవంటి మహానటులిరువురుండగా, చిత్రమునకు సూర్యకాంతముగారు ధరించిన పాత్ర పేరు పెట్టుట నిర్మాతల ధైర్యము. నవ్వులలో నెవరును అణా తగ్గింపలేదు. కాని నేను మూడణాలు తగ్గించితిని. గారాబముగా బెరిగిన సరోజకు బుద్ధి చెప్పుటకై, ధనవంతుడైన భర్త తాను పేదనని నమ్మించి, ఆమెచే కాయకష్టము చేయించును. ఆమె మాఱుట మంచిదే. మొగుడు కట్టిన బొంకులో బడి మాఱుట మంచిది కాదు. నిజము చెప్పి, కలసి కష్టపడుమని యడిగియున్నచో ఆమె యేమనునో మనకు తెలియనే లేదు. మా వారు నవ్వి, “అట్లయినచో కథ అరగంటలో ముగియును” అనిరి. ఈ మాట గుర్తుంచుకొనుడు. దీనితో ముందు పని గలదు.

తరువాతిది ‘మల్లేశం’, 2019. దర్శకులు రాజ్ రాచకొండగారు. పోచంపల్లి చీరకు నూలు పేర్చు ఆసుపనిని యంత్రమున చేయించిన చింతకింది మల్లేశంగారి జీవితకథ. ఒక్క చీరకు ఆడుది కొయ్యలమీదికి నూలు పోయుచు చేతిని సుమారు తొమ్మిదివేల మారులు ఆడింపవలెనని చెప్పుదురు. తల్లి లక్ష్మమ్మ భుజమునొప్పిని చూడలేక, ఆఱవ తరగతితో చదువు మానిన కుమారుడు ఏండ్లకొలది శ్రమపడి 1999 నాటికి యంత్రమును పూర్తిచేసి, దానికి తల్లి పేరే పెట్టెను. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చినది. తల్లిగా ఝాన్సీగారు నటించిరి. దీనికి మా యింట పదునైదణాలు. తగ్గిన యణా అమ్మాయిది: యంత్రము వచ్చిన పిమ్మట భుజము విశ్రాంతి పొందిన ఆడువారి బ్రదుకు ఎట్లు మాఱెనో యింకను కొంత చూపవలసినదని దాని లెక్క. ఇంటిలోపలి పనిని తొమ్మిదివేలని యెవరో యొకరు లెక్కపెట్టినందువలననే యది నొప్పియని లోకమునకు తెలిసినది. మన యిండ్లలో నింకను లెక్కపెట్టబడని చేతులెన్ని లేవు?

‘బలగం’, 2023, దర్శకులు వేణు యెల్దండిగారు. ఇందలి యొక పాటకు కాసర్ల శ్యాంగారికి జాతీయ పురస్కారము వచ్చినది. ఈ చిత్రమును పల్లెలలో ఆరుబయట తెర కట్టి, ఊరంతయు నొక్కచోట గూర్చుండి చూచి కన్నీరు పెట్టుకొనిరి. తాత కొమురయ్య మరణించును. కాకి పిండము ముట్టదు. విందులో నల్లిబొక్కకై పుట్టిన తగవుచే అల్లుడలిగి, కూతురు లక్ష్మి యిరువదియేండ్లు పుట్టినిల్లు చూడలేదు. అత్తగారు ఏడ్చి పదునాఱణాలిచ్చిరి. ఈసారి అణా తగ్గించినది మా యబ్బాయి. “మామలు అడిగిరి, బావలు అడిగిరి, పెద్దమనుషులు కూర్చుండిరి. ఆ యత్తను మాత్రము, నీవు రాదలచితివా యని యెవరడిగిరి?” అని వాని లెక్క. తొమ్మిదవ తరగతి పిల్లవాని నోట ఆ ప్రశ్న వచ్చినందుకు నాకు గలిగిన సంతోషమును దాచుకొననేల? పిల్లలు మన యుపదేశములను వినకపోవచ్చును. మన తీర్పులను మాత్రము తప్పక విందురు. ఒక పాత్రను మనమేల మెచ్చితిమో, ఏల నిందించితిమో, దానినిబట్టియే రేపు వారు తోడి మనుష్యులను కొలుతురు.

ఆ తరువాత ‘35 – చిన్న కథ కాదు’, 2024. దర్శకులు నందకిశోర్ ఈమానిగారు. నాయికయైన నివేదా థామస్‌గారికి ఆ సంవత్సరపు గద్దరు పురస్కారము వచ్చినది. తిరుపతిలోని యొక కుటుంబమున, లెక్కలలో సున్న తెచ్చుకొను పిల్లవాని కథ. విలువలేని సున్న ఒకటి ప్రక్కన జేరగానే తొమ్మిదికంటె పెద్దదెట్లగునని వాని ప్రశ్న. దానికి జవాబు చెప్పువారు లేక వాడు వెనుకబడును. పదవ తరగతి దాటని తల్లి సరస్వతి, కుమారునకు నేర్పుటకై తాను లెక్కల పుస్తకము చేతబట్టును. మా వారు ఒక యణా తగ్గించిరి. అందలి ఉపాధ్యాయునివంటి కఠినులు నిజమున నరుదని వారి లెక్క. అబ్బాయి తల వంచుకొనియే, “తక్కువ ఉన్నరు గని, ఉన్నరు నాన్నా. నాకు మొన్న పదకొండు తగ్గినయి. ఎక్కడ తగ్గినయో ఎవ్వరు చెప్పలే” అనినాడు. వారు మాఱు పలుకక తమ యణాను చిత్రమునకు తిరిగి యిచ్చిరి. అంతటితో నాగలేదు. ఇప్పుడు వారింటికి దెచ్చి దిద్దు కాగితములలో, తగ్గిన ప్రతి మార్కు ప్రక్కను ఎఱ్ఱసిరాతో నొక చిన్నమాట గనబడుచున్నది: ‘గుణకారము చూడుము’ అనియో, ‘ప్రశ్న మరల చదువుము’ అనియో. దిద్దుటకు రెండింతల కాలము పట్టుచున్నది. కాని సున్న యొక్కటే తీసికొని పోవు పిల్లవానికిని, సున్నతోపాటు త్రోవయు దీసికొని పోవు పిల్లవానికిని గల భేదము సామాన్యమైనదా?

కడపటి చిత్రము మేమెంచుకొన్నది కాదు. ఒక శనివారము అమ్మాయి హఠాత్తుగా, “నానమ్మా, నీకేది చూడవలెనని యున్నదో నిన్నెవరైన ఎప్పుడైన నడిగిరా?” అనినది. ఆమె నవ్వి, “నన్నెవ్వరడుగుతరు బిడ్డా, మీరు పెట్టింది చూస్త” అనిరి. పట్టువదలక యడుగగా, ‘ముత్యాలముగ్గు’ అనిరి. ఆ చిత్రము 1975లో వచ్చినది. దానిని సినిమాశాలలో చూచునాడు మా వారు చంకలోని బిడ్డ. సగము కథలో బిడ్డ యేడువగా ప్రక్కవారు విసుగుకొనిరి. ఆమె యెత్తుకొని వెలుపలికి బోయి, ఆట విడుచువఱకు వసారాలో దిరుగుచుండిరట. రెండవ సగమును ఇంటికి వచ్చు త్రోవలో ఇతరులు చెప్పగా విన్నదే గాని చూచినది లేదు. తెర నాపు మీట లేని కాలమది. ఇన్ని యేండ్లలో ఆ చిత్రము టీవీలో నెన్నిమారులు వచ్చినదో. ఎన్నడును పెట్టుమని యామె యడుగలేదు, కావలెనా యని మేమును విచారింపలేదు.

ఆ రాత్రి ‘ముత్యాలముగ్గు’ పెట్టితిమి. బాపుగారు దర్శకులు, ముళ్లపూడి వెంకటరమణగారు రచయిత. ఛాయాగ్రహణమునకు ఇషాన్ ఆర్యాగారికి జాతీయ పురస్కారము వచ్చినది. ఉత్తరరామాయణపు పోకడగల కథ. దుష్టుల కుతంత్రమును నమ్మి భర్త నిరపరాధినియగు భార్యను విడుచును. కుశలవులవలె బిడ్డలిద్దఱును తల్లిదండ్రులను గలుపుదురు. అత్తగారు రెండు మారులు నీళ్లకు లేచిరి. రెండు మారులును అబ్బాయి తెర నాపినాడు. చిత్రము ముగిసిన పిమ్మట, పదునాఱణాలును ఇత్తురని మేమెల్లరమును ఎదురు చూచుచుండగా, ఆమె రెండణాలు తగ్గించిరి. లెక్క చెప్పుమంటిమి. “పెండ్లామును ఒక్కమాట అడుగకపాయె. అడిగితే అయిపోవు గద” అనిరి. మా వారు మునుపటివలెనే, “అడిగినచో కథయే లేదు గదమ్మా” అనిరి. “కథ లేకుంటె లేకపాయె కొడుకా, ఆమె సంసారమన్న ఉంటుండె” అని లేచి, పడకకై వెడలిరి. మాలో నెవరమును ఆ రెండణాలను తిరిగి యడుగలేదు.

సోదరీమణులారా! సినిమాలను గూర్చిన ముచ్చట పనిలేనివారి కాలక్షేపమని పెద్దలనుట కద్దు. కాని తీర్పరితనము నేర్చుకొనుటకు ఇల్లాలికి ఇంతకంటె సులభమైన స్థలమేది? తెరమీది మనుష్యులు మనపై నలుగరు, ఎదురు చెప్పరు. వారిపై న్యాయము నభ్యసించి, ఆ న్యాయమునే నడవలోని మనుష్యులపై జూపవచ్చును. అంకెలను చూడవలదని నేననను. ఏది పెట్టవలెనో తోచనప్పుడవి దారిబత్తెముగా నుపకరించును. కాని చిత్రము ముగిసిన పిమ్మట తీర్పు మీది కావలెను, దానివెంట లెక్కయు నుండవలెను. వచ్చు శనివారము వంటిల్లు సర్దిన పిమ్మటనే తెర నెత్తుడు. వయస్సు గుర్తును చదువుడు. ముగియగానే లేచిపోక, చిన్నవారినుండి పెద్దవారివఱకు ఒక్కొక్కరిని ఏమి తగ్గించితిరో, ఏల తగ్గించితిరో యడుగుడు. అంతకు ముందే, మీ యింట మూలను గూర్చుండి పెట్టినదానినెల్ల చూచు పెద్దామె నొక్కమాట యడుగుడు: “అత్తయ్యా, ఈ రాత్రి మీకేది కావలెను?”